ఆఫిక్లయిడ్ పోస్టు

గజరాయపురం బ్యాండు హాల్లో అసిరమ్మ ఉద్యోగానికి ఎసరు పెట్టింది పై అధికారులు కాదు, సోమేశం మాస్టారు. ఆ సంగతి అందరికంటే ముందు ఒప్పుకున్నది కూడా ఆయనే. చెడు తలపెట్టి చేసింది కాదు. ఆయన ఒక వ్యాసం రాశారు, అంతే.

మాస్టారు ముప్ఫై మూడేళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భార్య రాజ్యం పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. అందుకని పొద్దున్న పది గంటలకల్లా గొడుగు వేసుకుని బ్యాండు హాలుకి వచ్చేవారు. ఒకప్పుడు సంస్థానం వారి ఇంగ్లీషు బ్యాండు సాధన చేసుకున్న హాలు అది. ఇప్పుడు ప్రభుత్వ ప్రదర్శనశాల. రోజుకి సగటున ఒక్క సందర్శకుడు వస్తాడని రికార్డుల్లో ఉంది. ఆ సగటు మాస్టారే.

ఆయన వచ్చేసరికి అసిరమ్మ హాలు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, కిటికీ పక్కన కుర్చీ వేసి ఉంచేది. పదకొండింటికి తన ఫ్లాస్కులోంచి ఒక గ్లాసు టీ ఇచ్చేది. అందులో పంచదార వేసేది కాదు. తనకు షుగరుందని ఆయన ఎన్నడూ చెప్పలేదు. చొక్కా జేబులో మాత్రల అట్ట చూసి ఆమె కనిపెట్టింది. అడక్కుండా కనిపెట్టే మనిషి ఊళ్లో ఇంకొకరు మిగిలి ఉండడం ఆ వయసులో చిన్న వరమేమీ కాదని మాస్టారు అనుకునేవారు.

హాలు మధ్య గాజు బీరువాలో నిలబెట్టిన ఇత్తడి గొట్టం ఒకటి ఉండేది. మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు. మధ్యకి మడిచిన ఒళ్లు, పైన గరాటులాంటి నోరు, ఒంటి పొడవునా గిన్నె మూతల్లాంటి పదకొండు మీటలు. దాని పేరు ఆఫిక్లయిడ్. రెండు వందల ఏళ్ల కిందట ప్యారిస్‌లో ఒక వాద్యాల తయారీదారు దాన్ని కనిపెట్టాడు. అప్పటికి అక్కడి మేళాల్లో మంద్రస్వరాలు పలకడానికి పాములా మెలికలు తిరిగిన చెక్క గొట్టం ఒకటి ఉండేది. దాని స్వరం ఎప్పుడు ఎటు పోతుందో ఊదేవాడికే తెలిసేది కాదు. ఆఫిక్లయిడ్ వచ్చి దాన్ని సాగనంపింది. ఇరవయ్యేళ్లు తిరక్కుండా ట్యూబా పుట్టి, ఆ కొత్త ఇత్తడి బాకా మెల్లమెల్లగా ఆఫిక్లయిడ్‌నీ సాగనంపింది. ప్యారిస్‌లో పాతబడింది గజరాయపురంలో కొత్తదే కనక, సంస్థానం బ్యాండుకి ఒకటి ఓడ మీద వచ్చి దిగింది.

మాస్టారికి ఆ వాద్యం మీద ప్రత్యేకమైన అభిమానం. తాను పాఠం బాగా చెప్పడం నేర్చుకునేసరికి ఆ పాఠాన్నే సిలబస్‌లోంచి తీసేసిన అనుభవం ఆయనకు రెండుసార్లుంది.

అందుకని ప్రదర్శనశాల రజతోత్సవ సంచికకి దాని చరిత్ర పద్నాలుగు పేజీలు రాశారు. రాజ్యం ఉంటే నాలుగో పేజీలో ఆపి, "ఇంతకీ దాన్ని మనూళ్లో ఎవరైనా వాయించారా, లేదా?" అని అడిగేది. ఆ ప్రశ్న చెవిలో వినబడి, చివరి పేజీలో ఒక పేరా కలిపారు. సంస్థానం బ్యాండులో ఆఫిక్లయిడ్ ఊదిన చివరివాడు రామన్న. ఆయన పోయాక కారుణ్య నియామకం జరిగింది. సంస్థానం విలీనమైనప్పుడు డోలు పోస్టు, క్లారినెట్ పోస్టు అన్నీ కొట్టేశారు గాని, ఆఫిక్లయిడ్ అంటే ఏమిటో తెలియక ఆ ఒక్కదాన్ని కొట్టేయడానికి ఏ గుమాస్తాకీ ధైర్యం చాల్లేదు. ఆ పోస్టు నేటికీ సజీవంగా ఉంది, ఇది మన ఊరికి గర్వకారణం అని ముగించారు.

ఆ పోస్టులో ఉన్నది అసిరమ్మ. రామన్న భార్య తరవాత ఆమె కోడలు, కోడలి తరవాత ఆమె కోడలు అసిరమ్మ. ముగ్గురూ చేసింది హాలు ఊడవడమే. కాగితం మీద మాత్రం ముగ్గురూ ఆఫిక్లయిడ్ వాదకులు.

వ్యాసాన్ని ముగ్గురు చదివారు. ఒకరు మాస్టారు, ఇంకొకరు ప్రూఫులు దిద్దిన ఆయన. మూడో వారు వారసత్వ శాఖ డిప్యూటీ డైరెక్టరు వైకుంఠరావు. ఆయన చదివిన వారానికి జీపులో దిగారు.

"తమరి వ్యాసాన్ని ఆద్యంతం పరిశీలించడం జరిగింది మాస్టారూ. మహత్తరమైన అంశాన్ని వెలుగులోకి తెచ్చారు."

"ప్యారిస్ సంగతేనా అండి?" అన్నారు మాస్టారు సంతోషంగా.

"కాదు. ప్రభుత్వ సర్వీసులో ఒక ఆఫిక్లయిడ్ వాదకురాలు ఉన్నారన్న అంశం. దేశంలో మరెక్కడా లేరని ప్రాథమిక అంచనా." వైకుంఠరావు సంచిలోంచి మెమో తీసి, గొంతు సవరించుకుని చదివారు. "సజీవ వారసత్వ పథకం కింద, ప్రదర్శనశాలల్లోని సమస్త వస్తువులను సజీవములు, నిర్జీవములు అని వర్గీకరించవలెను. సంవత్సరమునకు ఒక్కసారైనను వినియోగములో ఉన్నది సజీవము. నిర్జీవములను రాజధాని గిడ్డంగికి తరలించి, తత్సంబంధిత పోస్టులను రద్దుపరచవలెను."

"అసిరమ్మ ఊడుస్తుందండీ. వాయించదు."

"ఊడ్చుట అదనపు బాధ్యత అయి ఉండవచ్చు. ప్రధాన విధి వాదనము."

గుమ్మం దగ్గర తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డ అసిరమ్మ అంది, "నానెప్పుడూ ఊదనేదండి బావూ. దసరాకి ఆయుధపూజనాడు బొట్టెడతాను. అంతే."

"వచ్చే నెల పదిహేనున పరిశీలక సంఘం వస్తుందమ్మా. వాయించాలి. లేనిపక్షంలో వాద్యం నిర్జీవం, పోస్టు రద్దు, హాలుకి తాళం. నియమం నాది కాదు. నేను సంతకం మాత్రమే చేశాను."

జీపు వెళ్లిపోయాక అసిరమ్మ తడిగుడ్డ పిండి ఆరేసింది. తరవాత అడిగింది.

"ఏటి మాస్టారూ, ఆ పుస్తకంలో నా గురించి రాసినారా?"

"నీ గురించి కాదమ్మా. పోస్టు గురించి."

"పోస్టంటే నానే గదండి."

పద్నాలుగు పేజీలు రాసిన మాస్టారికి ఆ మూడు మాటలు తట్టలేదు.

"ఇంటికాడ మంచమ్మీదున్న మా ఆయన మందులన్నీ ఈ ఊడుపు మీదే నడుస్తన్నాయి," అంది అసిరమ్మ, ఎవరినీ నిందించకుండా. ఆ నిందించకపోవడం మాస్టారికి ఇంకా బరువైంది. ఆ రోజు కూడా ఆయనకి టీ ఇచ్చింది. ఆ రోజు కూడా పంచదార వేయలేదు.

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. బీరువా అడుగున సంస్థానం కాలపు శిక్షణ పుస్తకం ఒకటి దొరికింది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మొదటి పాఠం చదివి తెలుగులో చెప్పారు.

"పెదవులు బిగించి, నవ్వు వస్తుంటే ఆపుకున్నట్టు పెట్టాలిట."

"నిన్న ఆ బావు కాయితం సదివినప్పుడు నాను పెట్టినట్టా?"

"సరిగ్గా అలాగే."

అసిరమ్మ ఊదింది. బుగ్గలు బూరెల్లా పొంగాయి గాని చప్పుడు రాలేదు. ఎలా ఊదాలో చూపిస్తానని మాస్టారు తీసుకున్నారు. జీవితంలో ఏ వాద్యమూ ముట్టని మనిషి ఎలా చూపిస్తారని ఆమె అడగలేదు. ఆయన ఊపిరంతా కూడదీసుకుని ఊదగానే కట్టుడు పళ్ల పై వరస జారి వాద్యం మూతికి తగులుకుంది. అసిరమ్మ వెంటనే కిటికీ వైపు తిరిగి, "ఎండ బాగా ముదిరిపోనాది గదండీ," అంది. ఆయన పళ్లు సర్దుకుని "అవును" అనేదాకా ఇటు తిరగలేదు.

గరాటు లోపలికి టార్చిలైటు వేసి చూస్తే సంగతి తెలిసింది. రామన్న పోయిన దగ్గర్నుంచి ఆయుధపూజ తప్పలేదు. ఏటేటా ప్రతి మీటకీ గంధం, కుంకుమ, గరాటులో పసుపు బియ్యం, ఒక నిమ్మకాయ. గంధం ఎండి మీటలు రాయిలా బిగుసుకుపోయాయి. లోపల నిమ్మకాయలు వక్కల్లా గట్టిపడి ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. చీమ కాదుకదా, గాలి దూరే సందు కూడా లేదు.

"ఇంతేనా," అంది అసిరమ్మ. ఇత్తడి సామాను తోమడం ఆమెకు ఒకరు నేర్పాలా? బకెట్టు నీళ్లు, ఉండ చింతపండు తెచ్చి చీర కుచ్చెళ్లు ఎగదోపి కూర్చుంది. చింతపండు ఇంకా మీటకి తగలనేలేదు, గుమ్మంలోంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది.

"అమ్మా, చెయ్యి తీసేయండి. మెల్లగా. వాద్యాన్ని కదపకుండా."

వచ్చినామె డాక్టర్ సుదేష్ణ, శాఖలో సంరక్షణాధికారి. వాద్యం స్థితి నమోదు చేయడానికి వచ్చింది. ఆమె ముందు చింతపండు వైపు చూసింది, తరవాత గంధం వైపు. తన సంచిలోంచి రెండో మెమో తీసి మాస్టారికిచ్చింది. డెబ్బై అయిదేళ్లు దాటిన వస్తువు మీద ఏది అంటుకుని ఉన్నా, ఆ అంటుకున్నది కూడా రక్షిత వారసత్వమే. తుడిచినా, గీకినా, కడిగినా శిక్షార్హం.

మొదటి మెమో ప్రకారం వాద్యం మోగి తీరాలి. రెండో మెమో ప్రకారం దాన్ని శుభ్రం చేయడానికి వీల్లేదు. రెండింటి కిందా వైకుంఠరావు సంతకమే ఉంది, ఒకే సిరాతో.

మాస్టారు ఫోన్ చేసి ఆ మాటే అడిగారు. "రెండూ వేర్వేరు ఫైళ్లండి," అన్నారు వైకుంఠరావు. "రెండు ఫైళ్లనూ ఒకేచోట పెట్టి చూసే అధికారం నా స్థాయికి లేదు."

సుదేష్ణ మూడు రోజులు భూతద్దంతో కూర్చుంది. మంచి పిల్ల. పొరలు లెక్కపెడుతూ మధ్యలో అసిరమ్మ తెచ్చిన ఉప్మా తిని, గిన్నె తనే కడిగి పెట్టింది. మూడో రోజు మాస్టార్ని పిలిచింది.

"మొత్తం ఎనభై ఏడు పొరలండీ. యుద్ధం రోజుల్లో ఒకటి రెండేళ్లు గంధం దొరికినట్టు లేదు, ఒట్టి పసుపే ఉంది. కాని మీకు చూపించాలనుకున్నది అది కాదు. ఇక్కడ చూడండి."

వాద్యాన్ని నిలబెట్టి పట్టుకునేటప్పుడు కుడి బొటనవేలు ఆనే చోటు. ఏళ్ల తరబడి రామన్న వేలు ఒరిసి అక్కడి ఇత్తడి గుంట పడింది. ఒక పక్క పై పొరలు వాటంతటవే పెచ్చులూడి, ఆ గుంటలో అన్నిటికంటే అడుగునున్న గంధపు బొట్టు ఒకటి బయటపడింది. దాని మీద సన్నని వేలి గీతలు అచ్చుపడి ఉన్నాయి.

"మొదటి ఏడాది మీటలకి పెట్టలేదండీ. ఇక్కడొక్కటే పెట్టారు. మిగతావన్నీ రెండో ఏడాది నుంచి."

"అది ఆయన పోయిన ఏటి దసరా," అన్నారు మాస్టారు.

వెనక నుంచి అసిరమ్మ అంది, "మా అత్తకి ఆవిడత్తగారు సెప్పిందంటండి, ముందలక్కడెట్టి ఆ తరవాతే మీటలకెట్టాలని. ఎందుకో నాకు తెల్దు. అలగే ఎడతన్నాను."

మాస్టారు భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశారు. చూడవలసినది అయిపోయాక కూడా చూశారు. ఆయన వ్యాసంలో ప్యారిస్ ఏడుసార్లు వచ్చింది. రామన్న భార్య ఒక్కసారి కూడా రాలేదు. ఆమెను ఆయన రెండే మాటల్లో తేల్చేశారు, కారుణ్య నియామకం అని. ఊళ్లో అందరికంటే తానే ఆ గీతల్ని ముందు గుర్తుపట్టి ఉండాల్సింది. రాజ్యం మందుల డబ్బా నాలుగేళ్లుగా ఆయన రోజూ తుడుస్తున్నారు. అందులో మందులు లేవు.

ఆ సాయంత్రమే బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లి వైకుంఠరావు గదిలో కూర్చున్నారు.

"మొదటి మెమోలో మోగాలని ఉందాండీ, వినియోగంలో ఉండాలని ఉందా?"

వైకుంఠరావు తీసి చూశారు. "వినియోగం."

"ఎనభై ఏడేళ్లుగా, ఏడాదికొకసారి, ఒకే వరసలో, ఒకే కుటుంబం వినియోగిస్తోంది. పొరలే సాక్ష్యం. మీ అధికారే లెక్కపెట్టారు."

వైకుంఠరావు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో ఒక కాంతి పుట్టి, వ్యాపించింది. మాస్టారికి ఆ కాంతి చూస్తే భయం వేసింది.

"మౌన వాదనము," అన్నారు వైకుంఠరావు నెమ్మదిగా. "శబ్దరహిత సంగీత సంప్రదాయము. మాస్టారూ, ఇది ఒక్క పోస్టు సమస్య కాదు. ఇది రాష్ట్ర ప్రతిష్ఠ. విషయ నిపుణులుగా తమరు ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. మూడు వాక్యాలు చాలు."

తన నిజాయితీ కొలత మాస్టారికి తెలియనిది కాదు. వెనకటికి పాఠ్యపుస్తకాల సంఘంలో ఉన్నప్పుడు, గజరాయపురం రాజు ఓడిపోయిన యుద్ధాన్ని గెలిచినట్టు రాయమన్నారు. ఆయన రెండు రోజులు నిరసనగా భోజనం మానేసి, మూడో రోజు 'యుద్ధం ముగిసింది' అని రాసి భోంచేశారు. ఈసారి భోజనం మానేంత వ్యవధి కూడా లేదు. కాగితం తీసుకుని రాశారు. 'గజరాయపురం సంప్రదాయంలో ఆఫిక్లయిడ్‌ను ఊదరు. వేలి కొసలతో స్పృశిస్తారు. ఈ పద్ధతి స్త్రీల ద్వారా పరంపరగా వచ్చింది.' మూడింటిలో రెండో వాక్యం, మూడో వాక్యం పూర్తిగా నిజమే. మొత్తం మీద ఇన్నేళ్లలో ఇది తన మెరుగైన సగటు అనుకుంటూ సంతకం పెట్టారు.

పదిహేనో తేదీ పొద్దున్న పరిశీలక సంఘం హాల్లో కూర్చుంది. వైకుంఠరావు, సుదేష్ణ, సంగీత సభ్యుడిగా పైడిరాజు అనే క్లారినెట్ విద్వాంసుడు. అసిరమ్మ కాళ్లూ చేతులూ కడుక్కుని, సాన మీద గంధం తీసి, వాద్యం ముందు నిలబడింది. మాస్టారు కిటికీ పక్కన నిలబడి, తన వల్ల ఇంకొకరి అన్నం పోకుండా చూడమని ఎవర్ని వేడుకోవాలో తెలియక, ఆ ఎనభై ఏడు పొరల అడుగున బొట్టు పెట్టినావిడని వేడుకున్నారు.

అసిరమ్మ ముందు బొటనవేలి గుంటలో బొట్టు పెట్టింది. తరవాత పదకొండు మీటలకీ వరసగా పెట్టింది. చివరికి గరాటు అంచున నిమ్మకాయ ఉంచి, చేతులు జోడించి పక్కకు జరిగింది.

పైడిరాజు కళ్లు మూసుకుని తొడ మీద లెక్క వేస్తున్నాడు. కళ్లు తెరిచి అన్నాడు, "మొదటిది ఎత్తుగడండి. అది లెక్కలోకి రాదు. అక్కణ్ణుంచి పన్నెండు అక్షరాలు. రూపకతాళం, రెండావర్తాలు. పన్నెండోది నిమ్మకాయ."

"రాగం?" అని అడిగారు వైకుంఠరావు, కలం పట్టుకుని.

"వినబళ్లేదండి. అపస్వరం కూడా వినబళ్లేదు. నలభయ్యేళ్లుగా కచేరీలు వింటున్నాను, ఇలాంటిది ఇదే."

సంఘం ఏకగ్రీవంగా వాద్యాన్ని సజీవమని తేల్చింది. అసిరమ్మ ఉద్యోగం నిలబడింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "అంతేనాండి?" అంది.

అంతే అయితే బాగుండేది. ఆరు నెలల్లో మౌన ఆఫిక్లయిడ్‌లో నాలుగేళ్ల డిప్లొమా కోర్సు పెట్టారు. ఇరవై ముగ్గురు చేరారు. మొదటి ఏడాది చివర ఒక విద్యార్థి పరీక్ష హాల్లో కూనిరాగం తీశాడని డిబారయ్యాడు. అసిరమ్మను గురువుగా నియమించారు గాని, గురువుకి డిప్లొమా ఉండాలన్న నియమం అడ్డొచ్చింది. అందుకని ఆమెను తన క్లాసులోనే మొదటి సంవత్సరంలో చేర్చుకున్నారు. రోజూ పొద్దున్న ఆమే హాజరు పిలిచి, తన పేరు దగ్గర ఆగి, "ఒచ్చినానండి" అని తనే చెప్పుకునేది. యూరప్ నుంచి ఒక వాద్యాభిమాని ఉత్తరం రాశాడు. తమ ఊళ్లో ఈ వాద్యం ఊదేవాళ్లు ఇద్దరున్నారని, వారి ఇరుగుపొరుగువారు మీ సంప్రదాయం వివరాలు అత్యవసరంగా కోరుతున్నారని. మాస్టారి మూడు వాక్యాలూ పాఠ్యపుస్తకానికెక్కాయి. ఏ వాక్యానికి ఎక్కువ మార్కులు కేటాయించారని చూస్తే, మొదటిదానికి.

అప్పుడు మూడో మెమో వచ్చింది. వాదకురాలి హస్తములు రక్షిత వారసత్వమని, సదరు హస్తములతో చీపురు, తడిగుడ్డ, బకెట్టు తాకరాదని. ఊడ్చడానికి ఇంకొకరిని వేద్దామంటే ప్రదర్శనశాలకి మంజూరైన పోస్టు ఒక్కటే. అది ఆఫిక్లయిడ్‌ది.

వారం రోజులకి హాల్లో నడిస్తే పాదాల అచ్చులు పడేంత దుమ్ము పేరుకుంది. అసిరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆ దుమ్మును చూడలేక గోడ వైపు తిరిగేది. జీతం చేతికొస్తున్నా ఆమె ముఖంలో కళ తప్పింది. ఎనిమిదో రోజు మాస్టారు గొడుగు మూలన పెట్టి, పంచె పైకి కట్టి, చీపురు తీసుకున్నారు.

"మీరేటండీ, నా పరువు తీత్తన్నారు," అని అసిరమ్మ లేవబోయింది.

"నువ్వు ముట్టుకుంటే శిక్షార్హం. కూర్చో."

కాసేపటికి ఆమెకి కూర్చోవడం అలవాటైంది. ఇంకాసేపటికి చెప్పడం కూడా అలవాటైంది.

"అలా కాదండి. మూల నుంచి గుమ్మానికి రావాల. మీరు గుమ్మం నుంచి మూలకి ఊడుత్తన్నారు, సెత్త ఎక్కడికి పోద్ది? ఆ బెంచీ కిందండి. వొంగండి. వొంగితే ఏటీ కాదు, నాను ఇన్నాళ్లూ వొంగనేదేటి?"

మాస్టారు వంగారు. నడుము కలుక్కుమంది గాని, రాజ్యం పోయాక తనను ఎవరూ ఇలా తిట్టలేదని గుర్తొచ్చి, లేచే తొందర పడలేదు.

అలా బెంచీ కింద ఉండగానే గుమ్మంలో బూట్లు కనిపించాయి. వైకుంఠరావు తనిఖీకి వచ్చారు. చరిత్ర అధ్యాపకుడు నేల మీద, వాదకురాలు కుర్చీలో. ఆయన కాసేపు ఆ దృశ్యాన్ని పరిశీలించారు.

"మాస్టారూ, ఏమిటిది?"

నిజం చెబితే హాలు ఊడిచే దిక్కు లేదని రిపోర్టుకెక్కుతుంది, హాలుకి తాళం పడుతుంది. మాస్టారు బెంచీ పట్టుకుని మెల్లగా నిలబడ్డారు.

"సంప్రదాయమండి. వాదకురాలి దగ్గర విద్వాంసుడొకడు ఊడుస్తాడు."

వైకుంఠరావు ముఖంలో మళ్లీ ఆ కాంతి వచ్చింది. సంచిలోంచి పుస్తకం తీసి కలం మూత విప్పారు.

"ఎన్నేళ్ల నుంచి ఉన్నట్టు రాసుకోమంటారు?"

మాస్టారు చీపురు రెండు చేతులా పట్టుకుని ఆలోచించారు. చరిత్రకారుడు కనక మరీ ఎక్కువ చెప్పడానికి మనసొప్పక, నూట యాభై అన్నారు.